గాని జగన్నాధం కారు లైట్లు

జగన్నాధం నోట్లోంచి ‘గాని’ లేని మాట ఒక్కటీ బయటికి రాదు. కూర ఎలా ఉందంటే ‘బాగానే ఉన్నాది గాని’ అంటాడు. వాన పడితే ‘పడ్డం మంచిదే గాని’ అంటాడు. ఆ గాని తరవాత ఏం వస్తుందా అని ఎదుటివాళ్ళు ఎదురు చూస్తారు. ఒక్కోసారి అతను కూడా వాళ్ళతో పాటే ఎదురు చూస్తాడు. టెక్కలి నుంచి భావనపాడు పోయే దారిలో, ఉప్పుమళ్ళు దాటాక వచ్చే వాళ్ళ ఊళ్ళో ఇంకో ముగ్గురు జగన్నాధాలున్నారు కాబట్టి ఇతన్ని అందరూ గాని జగన్నాధం అంటారు. ఆధార్ కార్డు మీద ఒక్కచోటే ఆ ఇంటిపేరు ఎక్కలేదు.

ఈ గాని పుణ్యమా అని అతని సంసారంలో ఏదీ ఒక పట్టాన తేలదు. పడగ్గదికి సీలింగ్ ఫ్యాను కొందామని బయల్దేరి నాలుగేళ్ళు తిరిగాడు. మూడు రెక్కలది బాగానే ఉంది గాని గాలి ఒక పక్కకే పోతోందన్నాడు. నాలుగు రెక్కలది బాగానే ఉంది గాని చూస్తే కళ్ళు తిరుగుతున్నాయన్నాడు. అయిదో వేసవి రాకముందే అతని భార్య తాయారు టెక్కలి వెళ్ళి, మొదట కనబడ్డ ఫ్యాను కొని, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చేసింది. దాని కింద పడుకుని జగన్నాధం, “గాలి బాగానే ఉన్నాది గాని,” అని మొదలెట్టేసరికి తాయారు లైటార్పేసింది.

ఆ తాయారుని పెళ్ళిచూపుల్లో చూడ్డానికే మూడుసార్లు వెళ్ళాడు. మూడోసారి ఆడపెళ్ళివారు ఓపిక నశించి, ఏదో ఒకటి చెప్పమన్నారు. “పిల్ల బాగానే ఉన్నాది గాని,” అన్నాడు. గదిలో అందరికీ ఊపిరాగింది. “నాను ఆ పిల్లకి నచ్చేనో లేదో మీరెవులూ అడగనేదు,” అన్నాడు. ఆ గాని మీదే తాను పెళ్ళికి ఒప్పుకున్నానని తాయారు ఇప్పటికీ చెబుతుంది. మిగతా గానీలకి మాత్రం తన పూచీ లేదంటుంది.

అతని బావ అప్పలసూరి మాస్టారిది పూర్తిగా వేరే కొలత. జగన్నాధం అక్క లక్ష్మణమ్మని చేసుకున్న ఈయన హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ముప్పయ్యేళ్ళు ఈల ఊది పిల్లల్ని నడిపించిన మనిషి. ఆయన లెక్కలో లోకంలో ఉన్నవి రెండే, ఎడమ, కుడి. మధ్యలో గాని లేదు. పైగా ఎవరి సాయమూ పుచ్చుకోరు. పెళ్ళి ఊరేగింపునాడు కూడా తనకి కాళ్ళున్నాయని చెప్పి నడిచారు. పూలు కట్టిన కారులో లక్ష్మణమ్మ ఒక్కతే కూచుని, ముందు నడుస్తున్న పెళ్ళికొడుకు వీపు చూసుకుంటూ అత్తవారిల్లు చేరింది.

లైట్ల కథ ఒక ట్రాక్టరుతో మొదలైంది. జగన్నాధానికి పద్నాలుగేళ్ళ వయసున్న తెల్ల కారొకటి ఉంది. దాని హెడ్‌లైట్లకి పొర కమ్మి చూపు తగ్గింది. ఆ పుష్యమాసంలో ఒక తెల్లవారుజామున, ఉప్పుమళ్ళ మీద మంచు దుప్పటిలా దిగి ఉండగా, ముందు పోతున్న ట్రాక్టరు వెనక ఎర్రలైటొకటి కనబడింది. దాన్ని పట్టుకుని పోతే హైవే వచ్చేస్తుందనుకున్నాడు. ట్రాక్టరు ఎడమకి తిరిగితే తిరిగాడు, కుడికి తిరిగితే తిరిగాడు, ఆగితే ఆగాడు. మంచు కాస్త విడేసరికి ఎవరిదో కళ్ళంలో, గడ్డిమేటుకీ గేదెకీ మధ్య ఉన్నాడు. ఒక ముసలమ్మ వచ్చి కారు అద్దంలోకి తొంగి చూసింది.

“ఎవులు కావాల బాబూ?”

“ఎవులూ అక్కర్లేదమ్మా. తోవ కావాల,” అన్నాడు.

ఆవిడ టీ ఇచ్చింది. తాగి, “టీ బాగానే ఉన్నాది గాని, రోడ్డెటేపు?” అన్నాడు. ఆ వేళ ఇంటికొచ్చి, కారు బంపరుకి అదనంగా రెండు లైట్లు వేయిస్తానని ప్రకటించాడు. తాయారు గోడమీది క్యాలెండరు కేసి చూసి, ఏ సంవత్సరం అని అడిగింది.

ఆ నెలలోనే మాస్టారు మోకాలు విరగ్గొట్టుకున్నారు. రిపబ్లిక్ డేకి పాత స్కూలువాళ్ళు ముఖ్య అతిథిగా పిలిచారు. పిల్లలు లాంగ్‌జంప్ చేస్తుంటే ఆ పరుగు ఆయన చూడలేకపోయారు. మెళ్ళో దండ తీసి కుర్చీ మీద పెట్టి, ప్యాంటు మడిచి, “ఇలగ కదరా దూకాల,” అని పరుగెత్తారు. పరుగు బాగుంది. ఎగరడం బాగుంది. దిగడం మాత్రం ఏ పుస్తకంలోనూ లేని పద్ధతిలో జరిగింది. శ్రీకాకుళంలో ఆపరేషను చేసి, అయిదు వారాలు కాలు కదపకుండా ఉంచారు. తరవాత చూస్తే మోకాలు పలకలా బిగిసింది. మంగళవారం ఒకసారి, శుక్రవారం ఒకసారి, పది వారాల పాటు వచ్చి వ్యాయామం చేయించుకుంటేనే అది వంగుతుందని చెప్పారు.

“బస్సులో ఎల్తాను,” అన్నారు మాస్టారు.

“ఒక బస్సా, రెండు బస్సులు. కాలు వంగనోడు మెట్లెలగ ఎక్కుతాడు?” అంది లక్ష్మణమ్మ.

“వంగకుండా ఎక్కుతాను.”

“తమ్ముడి కారుంది కదా.”

“నాకొకడి కారెందుకు,” అన్నారు మాస్టారు. జగన్నాధం అక్కడే కూచుని, అక్క పెట్టిన జంతికల్లో ఏది తినాలో తేల్చుకుంటున్నాడు.

మర్నాడు మళ్ళీ వచ్చాడు.

“బావా, నీ సాయం కావాల.”

మాస్టారి వెన్ను నిటారయింది. సాయం పుచ్చుకోవడం ఆయనకి ఎంత కష్టమో, చేయడం అంత ఇష్టం.

“ఏటి సెప్పు.”

“కారుకి లైట్లేయించాల కదా. శ్రీకాకుళంలో అరసవల్లి రోడ్డులో ధనరాజ్ అనీవోడి షాపున్నాది. నానొక్కడినీ ఎల్తే తేల్చుకోలేను. నువ్వయితే ఈల ఊదినట్టు తేల్చీగలవు.”

“అది నిజమే. ఎప్పుడు?”

“మంగళవారం.”

“మంగళవారం నాకాసుపత్రి పనుంది. బస్సులో వచ్చి, అది సూసుకొని, షాపు కాడికొస్తాను.”

“బస్సులో వస్తే ఎలగ బావా? ముందు సీట్లో కూకొని, తోవ పొడుగునా ఎలుగెలగ ఉన్నాదో నువ్వు సూడాల.”

“పొద్దున్న తొమ్మిదింటికి ఎలుగు సూసీదేటిరా?”

జగన్నాధం కాసేపాలోచించాడు. “పగలెలగున్నాదో సూస్తే కదా, రాత్రికేటి తక్కువయిందో తెలుస్తాది.”

ఇంత తెలివితక్కువవాణ్ణి శ్రీకాకుళం ఒంటరిగా పంపడం మాస్టారికి ధర్మంగా కనబడలేదు. మంగళవారం పొద్దున్న చేతికర్ర పట్టుకుని, కాలు చాపుకోవడానికి సీటు వెనక్కి జరిపించుకుని కూచున్నారు. వీధి చివర ఎవరో ఎక్కడికని అడిగితే, “మా బావమరిదికి లైట్లు కొనిపెట్టాల, తప్పదు,” అన్నారు.

ధనరాజ్ ఓపికమంతుడు. బల్ల మీద లైట్లు పేర్చి చెప్పాడు. “మంచుకైతే కిందకి, వెడల్పుగా పడే వెలుగు కావాలండి. దూరం కనబడ్డానికైతే సన్నగా పొడుగ్గా పడేది. మంచులో దూరం లైటు వేస్తే మన వెలుగు మన మొహం మీదికే వస్తుంది. రెండూ కలిసినవి కూడా ఉన్నాయి. తెలుపా, పసుపా, గుండ్రమా, పలకా, అది మీ ఇష్టం.”

మాస్టారు నిలబడే తేల్చేశారు. “రెండూ కలిసినవి. పసుపు. గుండ్రం. అయిపోయింది. నానాసుపత్రికెల్తన్నాను. వచ్చేసరికి కొనుంచు.”

ఆసుపత్రి నాలుగు షాపుల అవతలే. అక్కడ శ్రావణి అనే అమ్మాయి ఆయన్ని బల్ల మీద పడుకోబెట్టి, మడమ పట్టుకుని మోకాలు వంచుతూ లెక్కపెట్టేది. “మాస్టారూ, వదిలెయ్యండి కాలు. వన్. టూ.”

“త్రీ ఎప్పుడమ్మా?” అనేవారు మాస్టారు పళ్ళు బిగించి. ఆమె నవ్వి ఇంకాస్త వంచేది. పిల్లల్ని టూకీ త్రీకీ మధ్య ఎండలో నిలబెట్టిన ముప్పయ్యేళ్ళ పాపం ఆ బల్ల మీద తీరుతోందని ఆయన లోలోపల ఒప్పుకున్నారు.

ఆ మొదటిరోజు గంట తరవాత షాపుకి తిరిగొచ్చేసరికి, జగన్నాధం పద్నాలుగు డబ్బాల మధ్య పద్నాలుగుమంది పిల్లల తండ్రిలా కూచుని ఉన్నాడు.

“కొన్నావేటి?”

“నువ్వు సెప్పినవి బాగానే ఉన్నాయి గాని బావా, పసుపేస్తే కారుకి కామెర్లొచ్చినట్టుంటాదేమో.”

“అయితే తెలుపు.”

“తెలుపూ బాగానే ఉన్నాది గాని, తెల్లకారుకి తెల్లలైట్లేస్తే ఏసినట్టెలగ తెలుస్తాది?”

“ఎలిగితే తెలుస్తాది.”

“పగలు?”

మాస్టారు కర్రతో నేల మీద ఒకటి కొట్టారు. శుక్రవారం మళ్ళీ రావాలని తేలింది. తేలిందదొక్కటే.

శుక్రవారం జగన్నాధానికి గుండ్రటి లైట్లు కళ్ళజోడు పెట్టిన వాళ్ళ పెదనాన్నలా కనబడ్డాయి. ఆ పై మంగళవారం పలకవి చూస్తే కారు పళ్ళికిలించినట్టు ఉంటుందన్నాడు. ఆ పై శుక్రవారం లైట్లు బంపరు పైన పెట్టాలా, కింద పెట్టాలా అన్న మీమాంస వచ్చింది. పైన పెడితే ముక్కు మీద కురుపుల్లా ఉంటాయి. కింద పెడితే కుక్కలు తడిపేస్తాయి. పక్కలకి పెడితే దిద్దులు. ధనరాజ్ అన్నిటికీ తలూపుతూ డబ్బాలు దించేవాడు, ఎక్కించేవాడు. ఇంత సహనం గల వ్యాపారిని తన జీవితంలో చూడలేదని మాస్టారు ఇంటికొచ్చి లక్ష్మణమ్మకి చెప్పారు.

“నీ తమ్ముడి వల్ల నా మంగళ శుక్రవారాలు మట్టిలో కలిసిపోతన్నాయి.”

“పోనీ, మీ ఆసుపత్రి పనీ అవుతన్నాది కదా,” అంది ఆవిడ.

“అదేదో దారిలోది. అసలు పని వాడిది.”

నాలుగో వారం జగన్నాధానికి కొత్త ఆలోచన వచ్చింది. లైట్లు పెడితే కారెలా ఉంటుందో కొనకముందే చూడాలి. అందుకని తాయారు పూజకి వాడే రెండు ఇత్తడి పళ్ళేలు పట్టుకొచ్చి, బంపరుకి చెరో పక్కా గమ్ టేపుతో అంటించాడు. అవి తళతళలాడుతుండగా అలాగే శ్రీకాకుళం బయల్దేరారు. హైవే మీద లారీవాళ్ళు హారన్లు కొట్టి దారిచ్చారు. అరసవల్లి రోడ్డులో సూర్యదేవుడి గుడికెళ్ళే ఆటోలు అడ్డం తిరిగి కారాగిపోయింది. పూలబుట్టతో పోతున్న ఒక ముసలావిడ, ఎండకి మెరుస్తున్న ఆ రెండు పళ్ళేలూ చూసి నిలబడిపోయింది. దగ్గరకొచ్చి, చెరో పళ్ళేనికీ కుంకం బొట్టు పెట్టి, మందారపువ్వొకటి బంపరు మీద ఉంచి, కళ్ళకద్దుకుంది. “సూర్నారాయణమూర్తి బండి,” అంది వెనకున్నవాళ్ళతో. వెనకున్నవాళ్ళు కూడా చెప్పులు విడిచారు.

డ్రిల్లు మాస్టారిగా ఎన్నో ఊరేగింపులు నడిపించిన అప్పలసూరి, ముందు సీట్లో కర్ర పట్టుకుని దేవుడిలా కూచోవలసి వచ్చింది. ఒకాయన ఆయనకి కూడా దణ్ణం పెట్టాడు.

“పోనీరా బేగి,” అన్నారు పెదవులు కదపకుండా.

“పోతాను గాని బావా, ఎడం పళ్ళేనికి బొట్టు కాస్త కిందకెట్టింది సూసేవా? లైటయినా అలగే వంకరొస్తాదేమో.”

ఇంతలో తాయారు ఫోను చేసింది. దేవుడి దగ్గర పళ్ళేలు కనబడ్డం లేదంది. దేవుడి దగ్గరే ఉన్నాయని జగన్నాధం చెప్పాడు.

ఇలా ఆరు వారాలు గడిచాయి. మంచు పోయింది. ఎండలొచ్చాయి. మామిడికాయలొచ్చాయి. లైట్లు మాత్రం రాలేదు. మోకాలు నలభై డిగ్రీల నుంచి ఎనభైకి వచ్చిందని శ్రావణి చెప్పింది గాని, మాస్టారి ఓపిక ఎనభై నుంచి సున్నాకి దిగింది. ఆ శుక్రవారం తిరిగొస్తూ, స్విచ్ ఎరుపుదా నలుపుదా అని జగన్నాధం అడిగినప్పుడు అది కాస్తా తెగింది.

“ఒరే, నాను రిటైరయింది నీకు స్విచ్చులు ఎంచడానికి కాదు. ఇహ నాను రాను. మంగళవారం నా బస్సులో నానెల్తాను.”

జగన్నాధం మొహంలో రంగు మారింది. “అలగనకు బావా. ఇంకొక్క నాలుగు వారాలు.”

“లైటు కొండానికి నాలుగు వారాలేటిరా? నువ్వేటి సూర్యుణ్ణి కొంటన్నావా?”

మంగళవారం మాస్టారు బస్సుకే వెళ్ళారు. బస్సొచ్చింది. ఒక కాలు మెట్టు మీద పెట్టారు. రెండోది రానంది. వెనక జనం ఆగారు. కండక్టరు దిగొచ్చి, “తాతా, చెయ్యి ఇలగియ్యి,” అన్నాడు. ముందు సీట్లో ఒకామె లేచి చోటిచ్చింది. ఇంకొకడు నడుం పట్టుకున్నాడు. మాస్టారు మెట్టు మీంచి కాలు తీసేశారు. “ఈ బస్సు కాదు, తరవాతది,” అన్నారు. తరవాతదొచ్చినప్పుడు దాని వైపు చూడనే లేదు. ఇంటికొచ్చి, ఈవేళ ఆసుపత్రికి సెలవని చెప్పారు. ఆ శుక్రవారం కూడా సెలవే అయింది.

శ్రావణి ఫోను చేసింది. “మాస్టారూ, ఇప్పుడు ఆపితే ఆ కాలు అక్కడే బిగిసిపోతుంది. తరవాత నేనేం చెయ్యలేను.”

“వస్తానమ్మా,” అన్నారు. ఎలా వెళ్ళాలో ఆయనకి తెలియలేదు. వీధిలోకి చెట్టంత గొంతుతో కేక వెయ్యగలిగిన మనిషి, నాలుగిళ్ళ అవతలున్న బావమరిదిని ఒక్క మాట అడగలేకపోయారు. ఆ మాట ఎలా మొదలెట్టాలో మంచం మీద పడుకుని రెండు మూడు రకాలుగా చెప్పి చూసుకున్నారు. ఒక్కటీ చివరిదాకా పోలేదు.

ఆ పై మంగళవారం ఏడింటికే తయారై, బూట్లేసుకుని, అరుగు మీద పేపరు చదువుతున్నట్టు కూచున్నారు. తొమ్మిదింటికి కారు హారను వినబడేసరికి పేపరు తలకిందులుగా ఉందని కూడా గమనించలేదు.

“బావా, నీ మీద ఒట్టు, లైట్లు తేల్చీసేను,” అన్నాడు జగన్నాధం. “గాని బ్రాకెట్టు దగ్గర పెద్ద సిక్కొచ్చి పడ్డాది. ఇనపదా, స్టీలుదా? నీ సాయం లేకపోతే ములిగిపోతాను.”

“నీకు బుద్ధి రాదు,” అన్నారు మాస్టారు, అప్పటికే సగం లేచి.

బ్రాకెట్టుకి రెండు వారాలు పట్టింది. వైరుకి ఒక వారం. మధ్యలో పోయిన వారం కలుపుకుని పదకొండో వారం మంగళవారం శ్రావణి కొలత పెట్టి చూసి, నూట ఇరవై డిగ్రీలు వచ్చింది, ఇంక రానక్కర్లేదు, కర్ర కూడా అలవాటుకే గాని అవసరానికి కాదంది. మాస్టారు ఆ మాట చెప్పడానికి షాపుకొచ్చేసరికి జగన్నాధం, “ఈవేళ బిగించీద్దాం బావా, కారు షాపు ఎనక్కి తెస్తాను,” అని బయటికి పోయాడు.

ధనరాజ్ కౌంటరు కిందికి వంగి, మూలనుంచి ఒక డబ్బా తీసి దుమ్ము దులిపాడు. దాని మీద స్కెచ్ పెన్నుతో ‘జగన్నాధం గారు, మార్చి 3’ అని రాసి ఉంది. మాస్టారు మూత తీశారు. రెండూ కలిసినవి. పసుపు. గుండ్రం.

“ఇదేటి, మార్చి మూడేటి? ఇది మే నెల కదా.”

“మొదటిరోజే కొన్నారు కదండీ,” అన్నాడు ధనరాజ్. అని నాలుక కరుచుకున్నాడు. కానీ మాస్టారి చూపు ముందు అబద్ధమాడిన వాడు ఆ జిల్లాలోనే తక్కువ. “మీరు అటు ఆసుపత్రికెళ్ళారు, ఇటు అయిదు నిమిషాల్లో కొనేశారండి. ‘మా బావ తేల్చీసేడు కదా, ఇంకేటున్నాది’ అన్నారు.”

“మరి రోజూ ఈ డబ్బాలన్నీ?”

“మీరు గంట సేపు అక్కడుంటారు కదండీ. ఆ గంటా ఆయన ఈ స్టూలు మీద కునుకు తీసేవారు. మీరు వీధిలో కనబడగానే లేచి, ‘పరిచీ పరిచీ’ అనేవారు. నేను పరిచేవాణ్ణి.”

మాస్టారికి ముందు ఒళ్ళు మండింది. పది వారాలు తనని వెర్రివాణ్ణి చేశాడు. ఈ కర్రతో వాడి వీపు మీద కారు బ్రాకెట్టు బిగించాలనుకున్నారు. తరవాత ఫ్యాను గుర్తొచ్చింది. ఒక ఫ్యానుకి నాలుగేళ్ళు తిరిగిన మనిషి, పుట్టాక మొదటిసారి, అయిదు నిమిషాల్లో ఒకటి తేల్చుకున్నాడు. ఆ తేల్చుకున్న సంగతి ఎవరికీ చెప్పుకోకుండా, ప్రపంచంలోని గానీలన్నీ ఏరుకొచ్చి, వారానికి రెండుసార్లు నూట ఇరవై కిలోమీటర్లు మోశాడు. మాస్టారికి నవ్వొచ్చింది. నవ్వితే ధనరాజ్ చూస్తాడని డబ్బా మూతతో మొహం విసురుకున్నారు.

“నాకు తెలిసినట్టు వాడికి సెప్పకు,” అన్నారు.

లైట్లు బిగించడానికి రెండు గంటలు పట్టింది. ధనరాజ్ బంపరు కింద ఇనప బ్రాకెట్లు పెట్టి, హెడ్‌లైట్ల కన్నా కిందకే లైట్లు దింపాడు. ఎదురొచ్చేవాడి కళ్ళలో పడకూడదన్నాడు. బ్యాటరీ నుంచి వైరు లాగి, స్విచ్ మీద భారం పడకుండా మధ్యలో రిలే పెట్టి, లోపల స్విచ్ అమర్చాడు. వెలుగు సరిగ్గా ఎక్కడ పడాలో చూసుకోవడానికి ఎదురుగోడ మీద సుద్దతో గీతలు గియ్యాలి. గీతలంటే మాస్టారు ఊరుకోలేదు. ముప్పయ్యేళ్ళు కబడ్డీ కోర్టులు గీసిన చెయ్యి. గోడ దగ్గర గొంతుక్కూచుని, నేల నుంచి జానెడు జానెడు కొలుచుకుంటూ నిఖార్సయిన గీత లాగి, లేచి చూసేసరికి జగన్నాధం గోడని చూడ్డం లేదు. ఆయన మోకాలిని చూస్తున్నాడు.

“గీతెలగున్నాది?” అన్నారు మాస్టారు.

“బ్రహ్మాండంగా ఉన్నాది గాని,” అని, జగన్నాధం తల పక్కకి తిప్పుకున్నాడు. ఆ గాని తరవాత చాలాసేపు ఏమీ రాలేదు.

ఊరు దగ్గరయ్యేసరికి పొద్దు గుంకి మసక కమ్మింది. ఉప్పుమళ్ళ మధ్య రోడ్డు గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది. జగన్నాధం కారాపి స్విచ్ నొక్కాడు. పసుపుపచ్చటి వెలుగు రోడ్డు మీద పరుచుకుని, అటూ ఇటూ ఉప్పు కుప్పల్ని బంగారు ముద్దలు చేసింది.

“ఎంత దూరం పడతన్నాదో సూడాల బావా.”

“నాను నడుస్తాను. ఎక్కడ కనబడ్డం మానేస్తే అక్కడ హారను కొట్టు,” అని మాస్టారు దిగారు. కర్ర సీట్లోనే ఉండిపోయింది.

నడిచారు. నీడ ఆయన కన్నా ముందు, తాటిచెట్టంత పొడుగున పోతోంది. మొదటి కరెంటు స్తంభం దాటారు. హారను రాలేదు. రెండోది దాటారు. మోకాలు కిర్రుమంది, తరవాత ఊరుకుంది. మూడో స్తంభం దగ్గర నోట్లో తెలియకుండానే ఎడమ, కుడి, ఎడమ, కుడి అన్న లెక్క మొదలైంది. చేతులు ఊపు అందుకున్నాయి. ఆరోది, ఏడోది. నీడ మెల్లిగా చీకట్లో కలిసిపోయింది. చాపితే తన చెయ్యే తన కంటికి ఆనడం లేదు. అయినా హారను రాలేదు. చివరికి రోడ్డు మలుపు తిరిగేచోట టీ బడ్డీ వచ్చింది. ఇంత దూరం లైటెలా పడుతుందా అని ఆశ్చర్యపోతూ, ఒక టీ తాగి, వెనక్కి నడిచారు.

దూరం నుంచి లైట్లు రెండు నిమ్మకాయల్లా కనబడ్డాయి. దగ్గరికొస్తుంటే పెరగాల్సింది పోయి తరిగాయి. కారు దగ్గరికి చేరేసరికి అగరొత్తి చివరల్లా ఎర్రగా మిణుక్కుమని ఆరిపోయాయి. జగన్నాధం రోడ్డు మధ్యలో నిలబడి ఉన్నాడు. పెట్రోలు దండగని ఇంజను ఆపేశాడు. బ్యాటరీ కాస్తా అయిపోయింది.

“నాను కనబడ్డం ఎక్కడ మానేసేను?”

“మూడో స్తంభం కాడే.”

“మరి హారను కొట్టలేదేరా?”

జగన్నాధం కారు తలుపు మీద లేని మరకొకటి తుడిచాడు. “కొడితే ఆగిపోతావని.”

మాస్టారు చొక్కా చేతులు పైకి మడిచారు. ఉప్పుమళ్ళ మీంచి గాలి వీస్తోంది.

“ఎక్కి కూకో. నాను తోస్తాను,” అన్నారు.

“నువ్వా బావా?”

“కూకోమన్నాను.”

వెనక చేరి, భుజం ఆనించి తోశారు. కారు కదిలింది. “ఒరే,” అన్నారు తోస్తూనే, “మార్చి మూడున, అయిదు నిమిషాల్లో కొనీసేవంట కదా.”

కారు లోపల్నుంచి గేరు పడిన చప్పుడొచ్చింది. కారొక ఎగురు ఎగిరి, దగ్గి, స్టార్టయి, మాస్టార్ని రోడ్డు మీద వదిలేసి ముందుకి పోయింది. ముందు పోతూనే కిటికీలోంచి తల బయటికొచ్చింది.

“ఆపితే మళ్ళీ ఆగిపోతాది బావా. బేగి వచ్చి ఎక్కీ.”

మాస్టారు పరుగెత్తారు. నూట ఇరవై డిగ్రీల మోకాలితో, అరవై మూడేళ్ళ వయసులో, నడుస్తున్న కారు పక్కన పది గజాలు పరుగెత్తి, తలుపు పట్టుకుని, లోపలికి పడ్డారు. ఇద్దరూ రొప్పుతున్నారు, పరుగెత్తింది ఒక్కరే అయినా.

“దెబ్బేటైనా తగిలిందా?”

మాస్టారు నోరు తెరిచారు, తనకి కాళ్ళున్నాయన్న అలవాటు మాట చెప్పడానికి. అది రాలేదు.

“నొప్పెడతన్నాదిరా,” అన్నారు. “నన్ను కాస్త ఇంటి కాడ దింపీ.”

“సరే బావా,” అన్నాడు జగన్నాధం.